మిద్దె మీద పండ్ల చెట్టుకు 24 అంగుళాల గ్రో బ్యాగు: అనంతపురం ఎండలో ఎంతవరకు పనికొస్తుంది?

కుండీల్లో పండ్ల మొక్కల పెంపకం మీద ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు చల్లటి దేశాల్లో పుట్టినవే. అక్కడ జామ, నిమ్మ, మామిడి పెంచేవాళ్ల బాధ ఒకటే, వేళ్లకు వెచ్చదనం చాలదు. అందుకే నల్లటి కుండీ కొనమంటారు, నీళ్లు గబగబా దిగిపోయే మిశ్రమం కలపమంటారు, గాలి ఆడే గుడ్డ సంచి మేలంటారు, పొద్దంతా ఎండ తగిలేచోట పెట్టమంటారు. అనంతపురం, కర్నూలు, కడపల్లో మిద్దె మీద ఈ నాలుగూ తిరగబడతాయి. ఇక్కడ కుండీ చేయాల్సిన పని వేళ్లను చల్లగా ఉంచడం, పోసిన నీళ్లను పట్టి ఉంచడం. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో నేసిన గ్రో బ్యాగును, అంటే మొక్కలు పెంచే సంచిని, ఆ లెక్కతోనే చూడాలి.

ఇక్కడ చెప్పేది గుండ్రంగా నిలబడే, పచ్చరంగు నేత బ్యాగు గురించి. పైన పట్టీలు ఉంటాయి, లోపలివైపు నల్లగా ఉంటుంది. ఎరువుల అంగళ్లలోనూ నర్సరీల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ముందే తేల్చి చెబితే: పండ్ల చెట్టుకు 24×24 అంగుళాలది కొనండి, 18×18 చిన్న రకాలకు మాత్రమే, అంతకన్నా చిన్నవి ఆకుకూరలకు వదిలేయండి. బ్యాగు మంచిదే, కాకపోతే పడమటి ఎండ నుంచి దాన్ని కాపాడే ఏర్పాటు లేకపోతే డబ్బు దండగ.

కొలత దగ్గరే మొదటి మోసం జరుగుతుంది. నేత బ్యాగుకు 24×24 అంటే అడ్డం 24 అంగుళాలు, ఎత్తు 24 అంగుళాలు. లోపల దాదాపు 178 లీటర్లు పడుతుంది. పక్కనే బయట తెల్లగా, లోపల నల్లగా ఉండే పలుచని పాలిథిన్ కవర్లు కూడా 24×24 అనే అమ్ముతారు. వాటికి ఆ 24 పరిచినప్పటి వెడల్పు. మట్టి పోసి గుండ్రంగా నిలబెడితే అడ్డం 15 అంగుళాల చిల్లరకు వస్తుంది, అడుగు మడతకు ఎత్తులో కొంత పోతుంది, చివరికి మిగిలేది 50 లీటర్ల లోపే. రెండింటి ధరలు పక్కపక్కన పెట్టి కవరు చవక అనుకోవడం పొరపాటు. అమ్మేవాణ్ని అడగాల్సిన మాట: "ఇది నిలబెట్టినప్పటి అడ్డమా, పరిచినప్పటి వెడల్పా?"

రెండోది జీఎస్‌ఎం. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే ఆ అంకె. సంచి మీద 260 అని అచ్చు వేసినంత మాత్రాన నమ్మక్కర్లేదు, తూకం వేసుకోవచ్చు. 24 అంగుళాల బ్యాగుకు చుట్టుగోడ, అడుగు కలిపి 1.46 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది. దాన్ని 260తో గుణిస్తే 380 గ్రాములు. అంచు మడతలు, పట్టీలు దీనికి అదనం. కాబట్టి ఖాళీ బ్యాగు 380కి తక్కువ తూగితే అది 260 కాదు. 18 అంగుళాలదైతే 213 గ్రాములకు తగ్గకూడదు. ధరను కూడా ఈ తూకంతోనే పోల్చండి, గ్రాముకు ఎంత పడుతోందో చూస్తే ఏది చవకో ఏది ఖరీదో తేలిపోతుంది.

ఆ తర్వాత కుట్టు చూడాలి. మన ఎండకు ముందుగా పోయేది గుడ్డ కాదు, దారం. అడుగు గుండ్రం చుట్టుగోడతో కలిసేచోట లోపలివైపుకు తిప్పి చూడండి. అంచు ఒక్కసారే మడిచి ఒకే వరస కుట్టుంటే పక్కన పెట్టేయండి. రెండు మడతలు, రెండు వరసలు ఉండాలి. రెండు బొటనవేళ్లతో కుట్టుకు అటూ ఇటూ పట్టుకుని లాగి, వెలుతురుకు ఎత్తి చూస్తే సూది రంధ్రాలు గింజంత తెరుచుకుంటున్నాయో లేదో తెలుస్తుంది. దారాన్ని గోటితో గీకితే నూగు లేస్తే అది నూలు దారం, తడికి ఎండకు నిలవదు. నున్నగా గట్టిగా ఉండే పాలిస్టర్ దారమైతే పర్వాలేదు. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది, బ్యాగును నలిపి విప్పితే ఆ పూత పొట్టులా రాలకూడదు. యూవీ రక్షణ (ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకునే గుణం) ఉందో లేదో కంటికి కనపడదు. అందుకే ఒకేసారి ఇరవై కొనకుండా ముందు రెండు కొని ఒక వేసవి దాటించి చూడటం మంచిది. అమ్మేవాళ్లు ఐదేళ్లు, ఏడేళ్లు అంటారు. రాయలసీమ ఎండలో మూడేళ్లని లెక్కేసుకుని కొంటే నిరాశ ఉండదు.

పట్టీలు ఖాళీ బ్యాగును మోయడానికే. తడిమట్టి నిండిన 24 అంగుళాల బ్యాగు 180 నుంచి 200 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు పట్టీలు పట్టుకుని జరిపితే కుట్టు ఊడివస్తుంది. అది ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాకే మట్టి నింపాలి.

బరువు మాట వచ్చింది కాబట్టి మిద్దె సంగతి. మనుషులు తిరిగే కాంక్రీటు మిద్దెకు ఐఎస్ 875 (కట్టడాలు మోయాల్సిన బరువుల మీద భారత ప్రమాణం) ప్రకారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువు లెక్కగట్టి కడతారు. మన బ్యాగు చదరపు మీటరులో మూడో వంతు కూడా లేని జాగాలో 200 కిలోలు మోపుతుంది. దూలాల మీద, కింద గోడ ఉన్నచోట, పిట్టగోడ వెంబడి దూరదూరంగా పెడితే ఇబ్బంది ఉండదు. గది నడిమధ్య మీద నాలుగు బ్యాగులు ఒకచోట చేర్చడం మాత్రం వద్దు. పాతకాలపు మట్టి మిద్దె, బండల మిద్దె అయితే 24 అంగుళాల జోలికే పోకండి.

బ్యాగు కింద మూడు ఇటుకలు పెట్టడం అందరూ చేసే పని, గట్టి కుండీకి అది సరిపోతుంది. ఈ బ్యాగు అడుగు మెత్తన. ఇటుకల మధ్య అడుగు కిందికి జారి సంచిలా వేలాడుతుంది, ఆ గుంతలో నీళ్లు నిలుస్తాయి, అక్కడి వేళ్లు కుళ్లుతాయి. అడుగంతా ఆనుకునే బల్లపరుపు జాగా కావాలి. మనకు కడప బండ, తాడిపత్రి బండ ఊళ్లోనే దొరుకుతాయి. రెండడుగుల చదరపు బండను నాలుగు ఇటుకల మీద పెట్టి దానిమీద బ్యాగు పెడితే మిద్దెకూ బ్యాగుకూ మధ్య గాలి ఆడుతుంది, రంధ్రాల్లోంచి వేళ్లు మిద్దె పగుళ్లలోకి దిగవు, కారిన నీళ్లు ఎటు పోతున్నాయో కనపడుతుంది. బండ బ్యాగు కన్నా పెద్దదిగా ఉండి బయటికి పొడుచుకొస్తే ఆ నల్లరాయి ఎండ పట్టి అడుగును కాలుస్తుంది, కాబట్టి బ్యాగు సైజుకే కోయించండి.

చాలా బ్యాగులకు నీళ్లు పోయే రంధ్రాలు అడుగు నుంచి రెండు మూడు అంగుళాల పైన పక్కగోడకు ఉంటాయి, కొన్నింటికి అసలు ఉండవు. పక్క రంధ్రాలే ఉంటే వాటి కింద ఉండే నీరు ఎప్పటికీ బయటికి రాదు. మన బోరు నీళ్లలో ఉన్న ఉప్పంతా అక్కడే పేరుకుంటుంది. అడుగు అంచు చుట్టూ చిటికెన వేలు దూరేంత రంధ్రాలు ఎనిమిది పెట్టుకోవాలి. కత్తితో కోస్తే నేత పోగులు విడిపోయి చీలిక పెరుగుతుంది. ఇనుప చువ్వ కాల్చి గుచ్చితే అంచు కరిగి గట్టిపడుతుంది. పొగ వస్తుంది, ఆరుబయటే చేయండి. రంధ్రాల మీద దోమతెర ముక్క పరిస్తే చాలు. అడుగున కంకర పరచడం మానండి. దానివల్ల నీళ్లు తొందరగా దిగవు, పైగా తడి పొర వేళ్లకు మరింత దగ్గరగా పైకి జరుగుతుంది, మట్టికి జాగా కూడా తగ్గుతుంది.

మట్టి మిశ్రమం విషయంలో చల్లటి ఊళ్ల కొలతలు ఇక్కడ అస్సలు పనికిరావు. మట్టి లేకుండా కొబ్బరిపొట్టు, పెర్లైటు (తేలికైన తెల్లటి రాతి పలుకులు) మీదే పెంచితే మే నెలలో పోసిన నీళ్లు తొందరగా ఆరిపోతాయి. ఒకసారి బాగా ఎండిన కొబ్బరిపొట్టు మళ్లీ తడవడానికి మొరాయిస్తుంది, పోసిన నీళ్లు గోడ వెంబడి జారి కిందికి పోతాయి, నడుమ వేరు ఎండే ఉంటుంది. 24 అంగుళాల బ్యాగుకు 15 లీటర్ల బక్కెట్‌తో కొలిస్తే ఎర్రమట్టి నాలుగు, కడిగిన కొబ్బరిపొట్టు మూడు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు మూడు, దాంట్లో అరకిలో వేపచెక్క. ఇది 150 లీటర్లు అవుతుంది, పైన మూడంగుళాలు నీళ్లకు వదిలేస్తే సరిగ్గా సరిపోతుంది. ఐదు కిలోల కొబ్బరిపొట్టు దిమ్మె నానితే 65 నుంచి 70 లీటర్లు వస్తుంది కనుక రెండు దిమ్మెలు మూడు బ్యాగులకు సరి. దాన్ని రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండకుండా వాడితే అందులోని ఉప్పు ఆకుల కొసలు మాడుస్తుంది. కర్నూలు, నంద్యాల వైపు వాళ్లకు నల్లరేగడి చేతికి అందేది కావొచ్చు, బ్యాగులో మాత్రం అది పోయొద్దు. తడిస్తే బిగుసుకుని వేరుకు గాలి అందదు, ఎండితే గోడ నుంచి విడిపోయి నీళ్లన్నీ ఆ సందులోంచి పోతాయి. ఎలా కలిపినా ఏడాదిలో మిశ్రమం నాలుగో వంతు దాకా దిగుతుంది. పైన ఎరువు, మట్టి వేసి నింపేటప్పుడు అంటు కట్టిన చోటు మునగకుండా చూసుకోండి.

ఇక అసలు పరీక్ష వేడి. నలభై డిగ్రీల ఎండ నేరుగా పడే పచ్చ బ్యాగు గోడ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. వేళ్లు ఎక్కువగా పెరిగేది ఆ గోడకు ఆనుకునే. మట్టి వేడి 38, 40 డిగ్రీలు దాటితే చాలా పండ్ల మొక్కల వేళ్లు పెరగడం ఆపేస్తాయి. అంతకు మించితే కొసలు చస్తాయి. అప్పుడు మట్టిలో తడి ఉన్నా మధ్యాహ్నం ఆకు వాలిపోతుంది, మనం నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాం, ఉడికిన వేరు కుళ్లుతుంది. మే నెలలో బ్యాగు మొక్కలు చచ్చే వరస ఇదే.

దీనికి మందు పడమర వైపు గోడకు నీడ. మార్చి నుంచి జూన్ దాకా బ్యాగు చుట్టూ గోనెపట్ట చుట్టి పొద్దున తడిపితే ఆవిరయ్యే నీళ్లు గోడను చల్లబరుస్తాయి. తెల్లటి బియ్యం సంచి చుట్టేవాళ్లున్నారు. రంగు మంచిదే గానీ ఆ సంచికి యూవీ రక్షణ ఉండదు, ఒక్క వేసవికే పొడిపొడిగా రాలి ఆ ప్లాస్టిక్ పోగులన్నీ మట్టిలో కలుస్తాయి. గోనే నయం. బ్యాగులను పిట్టగోడకు తూర్పువైపు వరసగా పెట్టినా మధ్యాహ్నం మూడు దాటాక గోడ నీడ దక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పైన 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే నీడ వల) కట్టండి, జూన్‌లో మబ్బు పట్టగానే తీసేయండి. ఏడాది పొడుగునా వదిలేస్తే నిమ్మ, దానిమ్మ పూత తగ్గిపోతుంది.

మట్టి మీద మూడంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరిస్తే ఆవిరి బాగా తగ్గుతుంది, మన జిల్లాలో దొరకని ఊరు లేదు. కొత్త పొట్టుతో కాండం కుళ్లు బూజు, చెదలు రావచ్చు. ఒక వానాకాలం నానిన పాత పొట్టు వాడి, కాండానికి నాలుగు వేళ్ల దూరం వదలండి.

నీళ్ల లెక్క. 150 లీటర్ల ఈ మిశ్రమంలో మొక్క సులువుగా తాగగలిగే నీరు 30 లీటర్ల పైచిలుకు. మీటరు వెడల్పు గుబురున్న జామ మే నెలలో రోజుకు 8 నుంచి 10 లీటర్లు తాగుతుంది. అంటే ఎక్కడికైనా ఊరికి పోతే మూడు రోజులు తట్టుకుంటుంది. అదే మొక్క 18 అంగుళాల బ్యాగులో ఉంటే ఒకటిన్నర రోజే. 24 కొనమనడానికి పెద్ద కారణం ఇదే. డ్రిప్పు పెడితే గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు, కాండానికి చెరోవైపు అరడుగు దూరాన, పొద్దున ముప్పావుగంట, సాయంత్రం అరగంట. చలికాలంలో ఇందులో మూడో వంతు చాలు. ఇంకో మాట, చీనీ (బత్తాయి), దానిమ్మ తోటల్లో పూతకోసం నీళ్లు ఆపే పద్ధతిని బ్యాగుకు అన్వయించకండి. తోటలో వేరు లోతుకు పోయి తడి వెతుక్కుంటుంది. బ్యాగులో నాలుగైదు రోజులు నీళ్లు ఆపినా ఆకంతా రాలి కొమ్మలు ఎండుతాయి.

బోరు నీళ్లు ఇక్కడ సగం రోగాలకు మూలం. మట్టి మీద తెల్లటి పొర, ఆకు కొసల మాడు కనిపిస్తే ఉప్పు పేరుకున్నట్టు. నెలకోసారి 30 లీటర్లు నిదానంగా పోసి, కనీసం పది లీటర్లు అడుగు నుంచి కారిపోయేలా చేయాలి. మొదటి మంచి వానకు బ్యాగు బాగా తడిసేలా పైన అడ్డాలు తీసేయండి, వాననీటిని మించిన కడుగుడు లేదు. ఆర్వో మిషన్ నుంచి వదిలే నీళ్లు మొక్కలకు పోయొద్దు, ఆ నీళ్లలో ఉప్పు మామూలు నీళ్లకన్నా ఎక్కువ. ఏసీ నుంచి కారే నీళ్లు భేషుగ్గా పనికొస్తాయి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 1000 దాటిన బోరు మీదే ఆధారపడేవాళ్లు నిమ్మ, చీనీ కన్నా సపోటా, దానిమ్మ, అంజూర పెట్టుకోవడం తెలివైన పని.

నిమ్మ, చీనీ కొత్త ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది ఇనుము అందకపోవడం. సున్నపు నీళ్లతో మట్టి పీహెచ్ (క్షార గుణం) పెరిగితే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) మట్టిలో వేసినా వేరుకు అందదు. ఈడీటీఏ రకం చీలేటెడ్ ఇనుము (మట్టిలో బిగుసుకోకుండా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము) కూడా అక్కడ నిలవదు. ఈడీడీహెచ్ఏ రకమే పనిచేస్తుంది, ప్యాకెట్ మీద ఆ అక్షరాలు చూసి కొనండి. మట్టిలో పోశాక పైన నీళ్లివ్వండి, వెలుతురు తగిలితే చెడుతుంది. నర్సరీలో చీనీ మొక్క తీసుకునేటప్పుడు రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టినదేనా అని అడగండి, ఉప్పునూ సున్నపు మట్టినీ అది మిగతావాటికన్నా బాగా ఓర్చుకుంటుంది.

ఏ మొక్క పెట్టాలన్నదానికి చిన్న జవాబు: 24 అంగుళాలకు జామ, నిమ్మ (బాలాజీ రకం), భగువా దానిమ్మ, సపోటా, బాలానగర్ సీతాఫలం, మామిడిలో ఆమ్రపాలి. 18 అంగుళాలకు అంజూర, మల్బరీ, బార్బడోస్ చెర్రీ. రంబుటాన్, మాంగోస్టీన్, దురియన్ మొక్కలు ఆన్‌లైన్‌లో ముచ్చటగా కనిపిస్తాయి. వాటికి కావాల్సింది గాలిలో తేమ. మన వడగాలికి ఆకు అంచులు మొదటి వేసవిలోనే కాలిపోతాయి, ఏ బ్యాగూ వాటిని కాపాడదు.

మిగతా రకాలతో పోల్చాలంటే ఫెల్టు (నేయకుండా పోగులు నొక్కి చేసిన మందపాటి గుడ్డ) సంచి గురించి కొంచెం చెప్పాలి. వేరు గోడ దాకా వచ్చి గాలి తగిలి ఆగి, వెనక నుంచి పిల్లవేళ్లు వేస్తుంది కనుక వేళ్లు చుట్టలు తిరగవు. చల్లటి తేమ ఊళ్లలో దానికి సాటి లేదు. ఇక్కడ అన్ని వైపుల నుంచీ నీళ్లు ఆవిరవుతాయి, రోజుకు రెండుసార్లు తడపాలి, ఉప్పు గోడల మీద తెల్లగా పూస్తుంది. ఆషాఢం గాలులకు ఇంకా తొందరగా ఆరిపోతుంది. సగానికి కోసిన 200 లీటర్ల డ్రమ్ము వంద లీటర్లు పట్టి ఏళ్లకు ఏళ్లు నిలుస్తుంది, ఎండలో బ్యాగంత వేడీ ఎక్కుతుంది. జాగా మార్చే ఆలోచన లేనివాళ్లకు డ్రమ్మే మేలు. కొనేముందు అందులో ఇంతకుముందు ఏ రసాయనం ఉందో కనుక్కోండి.

చల్లటి దేశాల్లో ఉన్న పిల్లలకు జామ, నిమ్మ, కరివేపాకు మొక్కలు పెట్టించాలనుకునేవాళ్లు ఈ 24 అంగుళాల సలహా వాళ్లకు పంపకండి. రాత్రి వేడి 10 డిగ్రీలకు దిగేలోపు మొక్క ఇంట్లోకి రావాలి, అందుకని 12 లేదా 15 అంగుళాలది చక్రాల పీట మీద పెట్టాలి. 13 డిగ్రీల కింద నిమ్మ వేరు దాదాపు పని ఆపేస్తుంది. కిటికీ ఎండకు ఆకు వేడెక్కి వేరు చల్లగా ఉండిపోతే నీళ్లు అందక ఆకంతా రాలుతుంది. అక్కడ ముదురు రంగు బ్యాగు, తేలిక మిశ్రమం, తక్కువ నీళ్లు, అన్నీ సరైనవే. ఇంటి పొడిగాలికి ఎర్రనల్లి పడుతుంది, వారానికోసారి ఆకుల అడుగున నీళ్లతో కడగమనండి.

నేత బ్యాగు గోడ నున్నగా ఉంటుంది కనుక వేళ్లు చుట్టలు తిరగడం ఖాయం. రెండు మూడేళ్లకోసారి చలి తగ్గే ఫిబ్రవరిలో మొక్కను తీయాలి. రెండు రోజులు నీళ్లు ఆపి, బ్యాగును పక్కకు పడుకోబెట్టి, నిలువు కుట్టును బ్లేడుతో విప్పితే ముద్ద చెదరకుండా వస్తుంది. చుట్టూ, అడుగున రెండంగుళాల మందాన వేళ్లు కోసి, కొమ్మల్లో మూడో వంతు తగ్గించి, కొత్త మిశ్రమంతో నాటి, పదిహేను రోజులు నీడన ఉంచండి. గుడ్డ ఇంకా గట్టిగా ఉంటే ఆ కుట్టును దబ్బనం, నైలాన్ దారంతో మళ్లీ వేసుకుని ఇంకో ఏడాదో రెండేళ్లో వాడుకోవచ్చు. గుడ్డ పెళుసెక్కితే మాత్రం తిరిగి కుట్టినా ప్రతి సూదిపోటు దగ్గరా చిరుగుతుంది, దాన్ని మొక్క ఉండగా చిరగనివ్వకుండా అప్పుడే మార్చేయండి.